వంటింటికి చక్రాలొస్తే విశ్రాంతి వచ్చినట్టేనా?

రిటైరయ్యాక ఏం చేస్తారని ఎవరైనా మగాయన్ని అడిగి చూడండి. తీర్థయాత్రలంటారు, పుస్తకాలంటారు, ఊళ్లో పొలం చూసుకుంటానంటారు. అదే ప్రశ్న ఆయన భార్యని అడగండి. ఒక్క క్షణం ఆగి, "ఏముందండీ, ఇక ఆయన ఇంట్లోనే ఉంటారు కదా, మధ్యాహ్నం కూడా వేడివేడిగా వండాలి" అంటుంది. నవ్వుతూనే అంటుంది. మనమూ నవ్వేసి ఊరుకుంటాం. ఆ నవ్వు వెనక ఉన్నదేమిటో నాకు సరిగ్గా తెలిసొచ్చింది మాత్రం మన ఊళ్లో కాదు. అమెరికాలో, ఓ కొండదారిలో, మా అక్కా బావగార్ల క్యాంపర్ బండిలో.

మా అక్క పెళ్లయి 1978లో వర్జీనియా వెళ్లింది. ఆసుపత్రి ల్యాబులో ముప్ఫై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసింది. బావగారు ఇంజినీరు. 2022లో కొద్ది నెలల తేడాతో ఇద్దరూ రిటైరయ్యారు. పిల్లలు ఎవరిళ్లలో వాళ్లున్నారు. బావగారికి ఎప్పట్నుంచో ఒక కోరిక. క్యాంపర్ కొనుక్కుని కొండలూ ఊళ్లూ తిరగాలని. ఒకరు వాడినదే చూసి కొన్నారు. మన మినీ బస్సు కంటే కాస్త చిన్నది. లోపల మడిచి పెట్టుకునే మంచం, రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, చేతులు కడుక్కునే సింకు, బీరువా అంత బాత్రూము. "ఇంకేం కావాలి? ఇల్లే మన వెంట వస్తుంది" అని బావగారి మురిపెం. 2023 అక్టోబరులో నేను వెళ్లేసరికి, ఆకులు రంగులు మారే కాలం కదా అని నన్నూ బండెక్కించారు.

ఆ దారి గురించి రెండు మాటలు చెప్పాలి. వర్జీనియాలో షెనాండోవా జాతీయ పార్కు కొండల నడినెత్తిన స్కైలైన్ డ్రైవ్ అని ఒక రోడ్డుంది. 105 మైళ్లు. అది పూర్తయిన చోటే బ్లూరిడ్జ్ పార్క్‌వే మొదలవుతుంది. అది మరో 469 మైళ్లు, అంటే సుమారు 755 కిలోమీటర్లు. వర్జీనియా దాటి, నార్త్ కరొలైనాలో చెరొకీల ఊరి దగ్గర ఆగుతుంది. ఆర్థిక మాంద్యంలో జనానికి పని కల్పించడం కూడా ఒక ఉద్దేశంగా 1935లో ఈ పార్క్‌వే పని మొదలుపెట్టారు. ఆఖరి ముక్క 1987లో గాని పూర్తి కాలేదు. యాభై రెండేళ్లు! ఈ దారిలో లారీలను రానివ్వరు. ప్రకటన బోర్డులు కనిపించవు. వేగం గంటకు 45 మైళ్లు దాటకూడదు. తొందరున్న వాళ్లు రాకూడని రోడ్డన్నమాట. పెన్షనర్ల కోసమే వేశారా అనిపిస్తుంది.

మొదటి రాత్రి స్కైలైన్ డ్రైవ్‌లో 51వ మైలు దగ్గర, బిగ్ మెడోస్ అనే చోట దిగాం. అక్కడ బండ్లు ఆపుకోవడానికి స్థలమిస్తారు గాని కరెంటు కనెక్షన్, కుళాయి కనెక్షన్ ఇవ్వరు. ట్యాంకులో పట్టుకొచ్చిన నీళ్లే నీళ్లు. ఎలుగుబంట్లు తిరిగే అడవి కాబట్టి తినే వస్తువన్నది బయట ఉంచకూడదు. మా అక్క తెచ్చిన ఆవకాయ సీసా, ఇంగువ డబ్బా భద్రంగా లోపలికి చేరాయి. చుట్టూ ఎర్రగా, పసుపుగా, రాగి రంగులో చెట్లు. బావగారు మడత కుర్చీ వేసుకుని కాళ్లు బారజాపి, "చూశావా అమ్మాయీ, స్వేచ్ఛంటే ఇదీ" అన్నారు.

సరిగ్గా అప్పుడే బండిలోంచి కుక్కరు కూత వేసింది. పక్క బండిలో తెల్లదొరసాని ఉలిక్కిపడి తొంగిచూసింది. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు రాలేదు. ఎందుకంటే లోపల మా అక్క నడుం వంచి, ఆ జానెడు బల్ల మీద ఉల్లిపాయలు తరుగుతోంది. సాయం చేద్దామని వెళ్లాను. ఇద్దరు నిలబడే చోటు లేదు. గుమ్మంలో నిలబడి గిన్నెలు అందుకున్నాను. ఇద్దరు ఆడవాళ్లం పొయ్యి దగ్గర, మగాయన ఆరుబయట కుర్చీలో. ఇంత దూరం వచ్చినా ఆ దృశ్యం మాత్రం మా గుంటూరు పెరట్లోదే.

బావగార్ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. ఆయన పనిదొంగ కారు. టైర్లలో గాలి చూసేదీ, గ్యాసు నింపించేదీ, బండి ఒరగకుండా చక్రాల కింద దిమ్మలు పెట్టేదీ ఆయనే. మరుగుదొడ్డి ట్యాంకును గొట్టం తగిలించి ఖాళీ చేసే పని కూడా మొహం చిట్లించకుండా ఆయనే చేస్తారు. మరి తేడా ఎక్కడుంది? రెండు రోజులు చూశాక అర్థమైంది. ఆయన పనులు రోజుకో రెండ్రోజులకో ఒకసారి వచ్చేవి. అరగంటలో అయిపోయి, చెయ్యి దులుపుకుంటే పూర్తయినట్టే. అక్క పనులు రోజుకు మూడుసార్లు వస్తాయి, ఎప్పటికీ పూర్తి కావు. పైగా ఇంట్లో అయితే పదిహేను గిన్నెలుంటాయి. ఇక్కడున్నవి నాలుగు. వండిన గిన్నె కడిగితేనే రెండోది వండాలి. కడగడానికి నీళ్లు లెక్కపెట్టుకోవాలి. ఇల్లు వెంట వస్తుందని ఆయన సంబరపడ్డారు చూడండి, ఇల్లంటే ఆయనకు మంచం, ఆవిడకు పొయ్యి.

"ఆయన ఒక ఉద్యోగం చేశారు, రిటైరయ్యారు. నేను రెండు చేశాను, ఒకదాంట్లోంచే రిటైరయ్యాను" అంది అక్క ఆ రాత్రి, పడుకోబోయే ముందు. ఫిర్యాదులా కాదు, లెక్క చెప్పినట్టు అంది.

ఇంకో సంగతి గమనించాను. మంచు కురిసే రాత్రుల్లో కూడా ల్యాబు డ్యూటీకి ఒంటరిగా కారు నడుపుకుంటూ వెళ్లిన మనిషి మా అక్క. కానీ బావగారు బండిలో ఉంటే చాలు, అలవాటుగా వెళ్లి కుడివైపు సీట్లో కూర్చుంటుంది. అక్కడ డ్రైవరు సీటు ఎడమ పక్కనుంటుంది లెండి. ఒద్దని ఎవరూ అనలేదు. ఇవ్వమని ఆవిడా అడగలేదు. నలభై ఏళ్లుగా అలా జరిగిపోతోంది. మన దగ్గర స్కూటీ మీద బ్యాంకుకి వెళ్లొచ్చే ఇల్లాలు, సాయంత్రం అదే స్కూటీ వెనక సీట్లో భర్త భుజం పట్టుకుని కూర్చోవడం మీరూ చూసే ఉంటారు.

మూడో రోజు శుక్రవారం. దారి దిగి ఫ్లాయిడ్ అనే చిన్న ఊరికి వెళ్లాం. ఐదువందల మంది కూడా ఉండని ఊరు. అక్కడ పాతకాలం నాటి కంట్రీ స్టోర్ ఒకటుంది. శుక్రవారం రాత్రయ్యేసరికి అందులో సంగీత సభ. ఫిడేలు, బాంజో వాయిస్తుంటే జనం లేచి చెక్క నేల మీద కాళ్లు తాటిస్తూ ఆడతారు. ఆడుతున్న వాళ్లలో సగం మంది మా వయసు ఆడవాళ్లే. ఒకావిడకు డెబ్భై ఐదు దాటే ఉంటాయి. బూట్ల కింద ఇనప నాడాలు కొట్టించుకుని మరీ వచ్చింది. ఎవరో చూస్తారన్న బెదురు లేదు. మా అక్క కాళ్లు కుర్చీ కిందే తాళం వేశాయి గాని లేవలేదు. నేనూ లేవలేదు. ఎందుకో!

శనివారం పొద్దున ఊరి బయట క్యాంపులో మురుగు గొట్టం తీస్తూ వంగిన బావగారు వంగినట్టే ఉండిపోయారు. వెన్ను పట్టేసింది. మెల్లగా లేపి మంచం మీద పడుకోబెట్టాం. వెనక్కి వెళ్లిపోదామన్నారాయన. ఇంటికి వెళ్లినా నాలుగైదు గంటలు ఎవరో ఒకరు నడపాల్సిందే కదా. అక్క ఏమీ మాట్లాడకుండా ఆయన జేబులోంచి తాళాలు తీసుకుంది. "ఏమండీ, ఎలాగూ నడపాలి. అటే నడుపుతాను" అని పార్క్‌వే మీదికి తిప్పింది.

మొదటి గంట బావగారు లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. "మలుపు... మలుపు" అంటూనే ఉన్నారు. అక్క ముప్ఫై ఐదు దాటకుండా, అద్దాలు చూసుకుంటూ, వెనక కార్లు ఎక్కువైతే పక్కకు తీసి దారిస్తూ నిమ్మళంగా నడిపింది. తర్వాత ఆయన నిద్రపోయారు. అంతకంటే సర్టిఫికెట్టు ఏముంటుంది?

190వ మైలురాయి దగ్గర అక్క బండి ఆపింది. రోడ్డు పక్కనే దూలాలు పేర్చి కట్టిన ఒంటి గది గుడిసె ఉంది. "ఇదివరకు మూడుసార్లు ఈ దారినే వెళ్లాం. ప్రతిసారీ చూద్దామనుకోవడం, ఈయన ముందుకు తీసుకెళ్లిపోవడం" అంది. అప్పుడు తట్టింది నాకు. బండి ఎక్కడ ఆగాలో నిర్ణయించేది చక్రం పట్టుకున్న వాళ్లే. పక్క సీట్లో ఉన్నవాళ్లు ఎంత అందమైన చోటు కనిపించినా "అయ్యో, దాటిపోయిందే" అనుకోవలసిందే.

ఆ గుడిసె ఒరెలీనా పకెట్ అనే ఆవిడ పేరు మీదుంది. ఆ కొండల్లో మంత్రసాని. ఆవిడకు ఇరవై నాలుగు కాన్పులు. ఒక్క బిడ్డా పసితనం దాటి బతకలేదు. చదువుతుంటేనే గొంతు పట్టేసింది మా ఇద్దరికీ. అలాంటి మనిషి యాభై ఏళ్లు దాటాక, పక్కింటి కాన్పులో చెయ్యి వేసి, మంత్రసాని అయింది. రోడ్డు లేని ఆ కొండల్లో, మంచులో వానలో, పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్లింది. వెయ్యి మందికి పైగా బిడ్డలకు పురుడు పోసింది. తొంభై దాటిన వయసులో 1939లో చనిపోయింది. ఆ ఏడాది కూడా ఒక కాన్పు చేసిందట. జనం ఆవిణ్ణి తలుచుకునే పనంతా యాభై తర్వాత మొదలుపెట్టిందే.

యాభై దాటాయంటే మనం ఏమంటాం? "ఇంకేముంది, మనవల్ని ఎత్తుకోవడమే" అంటాం. మనవల్ని ఎత్తుకోవడం తప్పని కాదు. అదొక్కటే మిగిలిందనుకోవడం తప్పు.

ఆ సాయంత్రం ఇంకో వింత. బావగారికి కూర్చుంటే నొప్పి, నిలబడితే హాయి. "నేను నిలబడే ఉన్నాగా, ఉప్మా చేస్తాను" అన్నారు. చేశారు. పోపు మాడింది, రవ్వ ఉండలు కట్టింది. నా చెయ్యి ఆగలేదు. గరిటె అందుకోబోయాను. అక్క నా చీర కొంగు పట్టి వెనక్కి లాగి కూర్చోబెట్టింది. "ఇప్పుడు నువ్వు అందుకున్నావంటే మళ్లీ ఇరవై ఏళ్ల దాకా ఆయన పొయ్యి దగ్గరికి రారు. తిందాం" అంది. తిన్నాం. మర్నాడు చేసింది మొదటిదాని కన్నా నయం.

ఇక్కడ నేను నా తప్పూ ఒప్పుకోవాలి. ఇల్లాలికి విశ్రాంతి కావాలని ఈ పేజీలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అలాంటి నేను అమెరికా బయల్దేరే ముందు ఏం చేశానో తెలుసా? మా ఆయన కోసం ఫ్రిజ్ నిండా పొడులు, పచ్చళ్లు, వారానికి సరిపడా కూరలు పెట్టి, డబ్బాల మీద 'సోమవారం, మంగళవారం' అని చీటీలు అంటించి వచ్చాను. ఆయన అడగలేదు. నేనే చేశాను. నేను లేకపోతే ఇల్లు గడవదన్న మాట వినడానికి బాగుంటుంది మరి. గరిటె మన చేతికి ఎవరో కట్టేశారనుకుంటాం. కొంత మనమూ గట్టిగానే పట్టుకున్నాం.

మిగిలిన దారి అక్కే నడిపింది. గ్రాండ్‌ఫాదర్ కొండను రాయి కదపకుండా చుట్టివచ్చే లిన్ కోవ్ వంతెన మీద బండి పోతుంటే, బావగారు కుడి సీట్లోంచి మొదటిసారి లోయను తీరిగ్గా చూశారు. "నడిపేటప్పుడు ఇవన్నీ కనపడవు సుమా" అన్నారు. ఆయనకీ ఏదో దొరికిందన్నమాటే కదా!

మరుసటి ఏడాది, 2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుపాను ఆ దారిని కకావికలు చేసింది. నార్త్ కరొలైనా వైపు కొండచరియలు విరిగిపడి పార్క్‌వే ఎన్నోచోట్ల తెగిపోయింది. కొండ ఊళ్లు కొట్టుకుపోయాయి. అక్క ఫోన్ చేసి, "వెళ్లగలిగినప్పుడు వెళ్లాం, నయమైంది" అంది. రోడ్డుకే భరోసా లేనప్పుడు మన మోకాళ్లకేం భరోసా? అమ్మాయి పురుడయ్యాక, అబ్బాయి పెళ్లయ్యాక, మనవడు బడికి వెళ్లాక అని వాయిదా వేసుకుంటూ పోయే వాళ్లందరం ఈ మాట ఒకసారి నెమరేసుకోవాలి.

అమెరికా సంగతులు మాకెందుకండీ, క్యాంపర్లు మాకెక్కడివి అంటారేమో. కేరళలో 2021లో క్యారవాన్ టూరిజమంటూ ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చారు. అయినా నేను చెప్పేది బండి గురించి కాదు. అరకు వెళ్లినా, లంబసింగి వెళ్లినా, కాశీ వెళ్లినా, సత్రంలో గది తీసుకుని స్టవ్వు వెలిగించే చెయ్యి ఎవరిది? పులిహోర కలిపి, అరటాకులు సర్ది, మందుల సంచీ చూసుకుని, అందరూ కూర్చున్నాక ఆఖర్న బస్సెక్కేదెవరు? తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. మంచిదే. ఎందరికో అది ఉద్యోగమైంది, చదువైంది, పుట్టింటి దారైంది. కానీ టికెట్టుకి డబ్బులక్కర్లేకపోయినా, రెండు రోజులు వంటిల్లు వదిలి వెళ్లే వీలు ఎంతమందికుంది? ఆ వీలు ఏ సర్కారూ ఇవ్వలేదు. అది ఇంట్లోనే తేల్చుకోవాలి.

అందుకని ఈసారి ప్రయాణం తలపెట్టినప్పుడు టికెట్ల కన్నా ముందు ఒక కాగితం తీయండి. పొద్దున కాఫీ నుంచి రాత్రి పక్కల దాకా ఎన్ని పనులున్నాయో రాయండి. పక్కన ఎవరి పేరు పడుతుందో చూడండి. అన్నిటి పక్కనా మీ పేరే ఉంటే అది విహారయాత్ర కాదు, బదిలీ. ఒకపూట హోటల్లో ఇడ్లీ తింటే ఆరోగ్యాలు పాడైపోవు. ఇంకోపూట ఆయన చేసిన ఉండల ఉప్మా తింటే అసలే పాడైపోవు. తినేటప్పుడు మాత్రం వంక పెట్టకండి, గరిటె లాక్కోకండి.

వీలుంటే డ్రైవింగ్ నేర్చుకోండి. ఈ వయసులో ఏమిటంటారా? నలభై దాటిన వాళ్లు డాక్టరు దగ్గర ఫారం 1ఎ రాయించుకోవాలి, అంతే. యాభై ఐదు దాటాక తీసుకున్న లైసెన్సు అయిదేళ్లుంటుంది, మళ్లీ రెన్యువల్ చేయించుకోవచ్చు. చట్టమే వద్దనలేదు, మనమెందుకు వద్దనుకోవాలి? ఎప్పుడైనా ఆయన వెన్ను పట్టేసిన పూట, ఇంటిల్లిపాదీ క్షేమంగా ఇల్లు చేరడానికి పనికొచ్చే విద్య అది.

మొన్న అక్కతో మాట్లాడాను. ఇప్పుడు వాళ్లది ఒకటే లెక్కట. ఆ పూట ఎవరు నడిపితే వాళ్లు వండరు. "రోజూ నేనే నడుపుతానంటున్నారా బావగారు?" అని అడిగాను. "లేదే, లోయ చూడాలని నన్నే నడపమంటున్నారు" అంది అక్క. వెనకాల ఏదో మాడుతున్న చప్పుడు, బావగారి కంగారు వినపడ్డాయి.

అక్క లేచి వెళ్లలేదు. మాట్లాడుతూనే ఉంది.